చెరువు నింపిన నెల

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడు పోలేదు. శివరాత్రి వెళ్ళింది, ఫాల్గుణ పున్నమి కూడా వచ్చింది, అయినా పొద్దున ఎనిమిదింటి దాకా ఎదురింటి అరుగు కనపడేది కాదు. అంత మంచు. ఎనిమిది దాటిందో లేదో ఎండ మొహం మీద కొట్టేది. పొద్దున శాలువా కప్పుకున్న మనిషే పదకొండింటికి తడిగుడ్డ నెత్తిన వేసుకునేవాడు. ఊళ్ళో సగం మంది దగ్గుతున్నారు, మిగతా సగం తుమ్ముతున్నారు. గుడివాడలో ఉన్న మా అక్క ఫోన్ చేసి, మంచుకి వాళ్ళ పెరటి మామిడి పూతంతా మాడిపోయిందని ఏడ్చింది. నీకు పూతే కదే పోయింది, ఇక్కడ నా కుట్టు మిషను సూదులు రెండు రోజులకే తుప్పు పడుతున్నాయి అని నేను కసిరాను. నా నోరు అలాంటిది. పెళ్ళికి ముందు మా అమ్మ, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే అని రోజుకోసారి చెప్పేది. ఆ మాట ఎప్పుడూ చెవికెక్కలేదు.

మాది దివిసీమలో చివరాఖరు ఊరు. మా తరవాత చవిటి నేలలు, మడ చెట్లు, ఆ తరవాత సముద్రం. ఎక్కడ బోరు వేసినా ఉప్పు నీళ్ళే పడతాయి. అందుకని ఊరంతటికీ ఒక్కటే మంచినీళ్ళ చెరువు. ఎండాకాలం కాలువలు కట్టేసే ముందు ఆఖరుసారిగా నాలుగైదు రోజులు నీళ్ళు వదులుతారు. ఆ నాలుగైదు రోజుల్లో చెరువు నింపుకోవాలి. తరవాత మళ్ళీ వానలు పడి కాలువలు వదిలే దాకా ఊరంతా అవే తాగాలి. ఆ చెరువు చూసుకునే పని మా ఆయనది. అంతకుముందు మా మావగారు చేసేవారు.

పని అంటే తూము తలుపు ఎత్తడం, దించడం అనుకుంటారు. ఆ మాత్రం ఎవరైనా చేస్తారు. అసలు పని నాలుకది. మా శివారుకి వచ్చేసరికి కాలువ పోయి మురుగు డ్రెయినులో కలుస్తుంది. ఆ డ్రెయిను సముద్రంలో కలుస్తుంది. పున్నమికీ అమావాస్యకీ పోటు పెద్దది. పోటు మీద సముద్రం డ్రెయినులోంచి పైకి ఎగదన్ని, కాలువ కొసలోకి దూరుతుంది. పాటు వచ్చాక వెనక్కి పోతుంది. అందుకని తూము ఎత్తే ముందు మా ఆయన కాలువలో దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉంచుకుంటాడు. తరవాత ఉమ్మేస్తాడు. "తియ్యగా ఉన్నాయి" అంటేనే తలుపు లేస్తుంది. గట్టు మీద నిలబడ్డ పదిమందీ అప్పటిదాకా నోరు మెదపరు. కాలువాఫీసు వాళ్ళు ఒకసారి పెన్నులాంటి మీటరు ఇచ్చి, ఇది నీళ్ళలో ముంచితే ఉప్పెంతో చెబుతుంది అన్నారు. మా ఆయన దాన్ని ఇంటికి తెచ్చి దేవుడి గూట్లో డబ్బాలో పడేశాడు. "మా నాన్న నాలుక కంటే ఇది పెద్దదా?" అన్నాడు.

ఆ నాలుకతో ఊరికి ఎంత సుఖమో నాకంత నరకం. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా వంట తిని బావుందన్న పాపాన పోలేదు. "కూరలో ఉప్పెక్కువైంది." ఇది పొద్దుటి మాట. "పులుసులో ఉప్పు చాల్లేదు." ఇది సాయంత్రం మాట. ఒక్క రవ్వ తేడా వచ్చినా కంచం ముందుకి జరిగేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. మీ నాలుక కోసి కాలువలో వెయ్యండి, ఊరికైనా పనికొస్తుంది అనేదాన్ని. ఎంత మాట అన్నానో చూడండి.

ఆ ఫాల్గుణ పున్నమి నుంచి వారం రోజులు తెల్లారుఝామున మంచులో కాలువ గట్టున తిరిగాడు. నీళ్ళు వదలగానే తోడేసుకోవడానికి పై ఊళ్ళ వాళ్ళు ముందే ఇంజన్లు దించుతారని భయం. జలుబు పట్టింది. ఆ మీదట మూడు రోజులు జ్వరం. అవనిగడ్డ తీసుకెళితే డాక్టరు మాత్రలిచ్చి, ఈ మంచుకి అందరికీ ఇదేనమ్మా అన్నాడు. జ్వరం తగ్గింది. తగ్గిన రెండో రోజు నేను జాకెట్లు కుట్టే హడావిడిలో ఉండి ఆనపకాయ పులుసు పెట్టాను. నేను తినేటప్పుడు చూసుకుంటే అందులో ఉప్పే వెయ్యలేదు. అప్పటికే ఆయన తిని లేచాడు. కంచం ఖాళీ. ఒక్క మాట అనలేదు.

నేనేం చేశాను? మురిసిపోయాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, పొంగిపోయాను. జ్వరం మనిషిని మెత్తబరిచింది, పెళ్ళాం కష్టం ఇన్నాళ్ళకి కనపడింది అనుకున్నాను. పక్కింటి అత్తయ్య దగ్గరికి వెళ్ళి గొప్పగా చెప్పాను కూడా. అత్తయ్య అంటే చుట్టం కాదు, ఊరి వరస. ఒంటరి మనిషి. బీపీ ఉందని డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు, చప్పిడి కూరలు తింటూ బతుకుతుంది. "నీ మొగుడు కూడా నా దారికొచ్చాడన్నమాట" అని నవ్వింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ వారంలోనే ఎండ ముదిరింది. మంచు ఒక్కరోజులో కోసేసినట్టు ఆగిపోయి దక్షిణపు గాలి మొదలైంది. మామూలుగా ఆ గాలి సాయంత్రాలు హాయిగా ఉంటుంది. ఆ ఏడు పగలూ రాత్రీ తేడా లేకుండా సముద్రం మీంచి ఒకటే ఈడ్పు. ఒళ్ళంతా జిడ్డు, ఆరేసిన బట్టలు ఆరవు. బందరు నుంచి వచ్చిన బట్టలమ్మే ఆవిడ, చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులు పెట్టెలోనే నల్లబడుతున్నాయట అంది. ఆ గాలి పోటుని వెనక్కి పోనివ్వదని మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు.

కాలువ నీళ్ళు అమావాస్య ముందు రోజు సాయంత్రానికి మా శివారుకి చేరాయి. చవితి దాకా వదులుతామన్నారు. అమావాస్య పొద్దున ఆయన దిగాడు. నేను కాఫీ పట్టుకుని గట్టు మీదే ఉన్నాను. దోసిట్లో తీసుకున్నాడు, నోట్లో పోసుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు ఉంచుకున్నాడు. ఉమ్మేసి, "తియ్యగా ఉన్నాయి" అన్నాడు. తలుపు లేచింది. ఊరంతా చప్పట్లు కొట్టింది.

మర్నాడు ఉగాది. వేపపువ్వు దూసి, మామిడికాయ ముక్కలు కోసి, చింతపండు పులుసు పిండి పచ్చడి కలుపుతున్నాను. మధ్యలో అక్క ఫోను. దాంతో మాట్లాడుతూ ఉండగానే ఆయన తలంటుకుని వచ్చి, చెరువు దగ్గరికి పోవాలి, త్వరగా పెట్టు అన్నాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఓ గ్లాసులో పోసిచ్చాను. మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. ఉగాది పచ్చడిలో ముందు ఏ రుచి తగిలితే ఆ ఏడు అలా గడుస్తుందంటారు. ఏటా అడిగినట్టే అడిగాను.

"ఏం తగిలింది ముందు?"

"తీపే" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "ఈ ఏడు బావుంటుందిలే."

నేను పచ్చడి గిన్నె వైపు తిరిగాను. బెల్లం ముద్ద పళ్ళెంలో అలాగే ఉంది. ఇంకా కలపనే లేదు.

ఫోను పెట్టేశాను. గిన్నెలోంచి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. కాకరకాయ దీని ముందు దిగదుడుపే. ఆ చేదు నోట్లో ఉండగానే ఉప్పు లేని ఆనపకాయ పులుసు గుర్తొచ్చింది.

"ఏవండీ, ఇలా కూచోండి" అన్నాను. కూచున్నాడు. పళ్ళెంలో బెల్లం ముద్ద చూపించాను.

"జ్వరం తగ్గిన కాణ్ణించీ అంతే" అన్నాడు. "మన్ను తిన్నా ఒకటే, మామిడికాయ తిన్నా ఒకటే. ఇవాళో రేపో వస్తుందనుకున్నాను."

"మరి నిన్న నీళ్ళు?"

"చూశాను కదా. తేటగా ఉన్నాయి."

కృష్ణ నీళ్ళు మా శివారుకి ఎప్పుడూ బురద రంగులోనే వస్తాయి. ఉప్పు తగిలితే ఆ మట్టి కిందకి దిగిపోయి నీళ్ళు తేటపడతాయి. కాపరానికొచ్చిన కొత్తల్లో గట్టు మీద కూచోబెట్టి నాకీ సంగతి చెప్పింది ఆయనే. మట్టి నీళ్ళని నమ్ము, తేట నీళ్ళని నమ్మకు అన్నాడు. నిన్న ఆ నీళ్ళలో దిగినప్పుడు అది ఆయనకి తెలుసు. తెలిసీ, పదిమంది ఎదురుగా నాకు రుచి తెలియడం లేదు అనలేక, తలుపు ఎత్తాడు.

దేవుడి గూట్లో డబ్బా తీసి చూస్తే మీటరు బ్యాటరీ ఎప్పుడో చచ్చి పచ్చగా పూసింది. చెంబు పట్టుకుని చెరువుకి పరిగెత్తాను. అప్పటికే సగానికి పైగా నిండింది. మెట్లు దిగి ఒక గుక్క పోసుకున్నాను. ఉప్పు. సముద్రమంత కాదు, కానీ ఉప్పే. పండగ పూట కొత్త చీర తడిసిపోతున్నా ఆ మెట్టు మీదే కూలబడ్డాను.

ఆయన నా వెనకే వచ్చాడు. "ఎవరికీ చెప్పకు" అన్నాడు. "పెదవి దాటితే పృథివి దాటుతుంది. కాలువ ఇంకా మూడు రోజులుంది. పాటు చూసి నీళ్ళు పెడతాను. మంచినీళ్ళు పడితే ఇవి సర్దుకుంటాయి."

"సర్దుకోకపోతే? ఇప్పుడే చెబితే ఇంజన్లు పెట్టి తోడేసి మళ్ళీ నింపుకోవచ్చు కదండీ."

"ఏమని చెప్పను?" అన్నాడు. "నాకున్నది ఈ ఒక్క నాలుకే."

ఇరవై రెండేళ్ళలో ఆయన నన్ను బతిమాలడం అదే మొదలు. బస్సు కండక్టరుతో, రేషను డీలరుతో, ఆఖరికి పురోహితుడితో కూడా పోట్లాడిన నోరు నాది. ఆ రోజు మూసుకుపోయింది. జాలేసింది. నా మొగుణ్ణి ఊరంతా వేలెత్తి చూపుతుందన్న భయం, జాలి, రెండూ కలిసి నా నోరు నొక్కేశాయి.

ఆ మూడు రోజులూ పాటు వేళకి కాఫీ ఫ్లాస్కు వంకతో కాలువ దగ్గరికి వెళ్ళాను. ఎవరూ చూడకుండా నేనే పుక్కిలించి, కొంచెం పరవాలేదు అంటే ఆయన తలుపు ఎత్తేవాడు. పాలు పాడయ్యాక ఎన్ని పాలు కలిపితే మాత్రం ఏం లాభం? పైగా ఆ దిక్కుమాలిన గాలి ఆగలేదు. పాటు మీద కూడా ఉప్పు పూర్తిగా వెనక్కి పోలేదు. చవితి సాయంత్రం కాలువ కట్టేశారు. పంచమి పొద్దుటికి కాలువ అడుగు బయటపడింది. కొంగలు బురదలో చేపలు ఏరుకుంటున్నాయి. ఇక ఏం చేసినా చెయ్యడానికి నీళ్ళు లేవు.

మా ఊళ్ళో చెరువు నింపిన వెంటనే నీళ్ళు తోడుకోరు. పటిక వేసి నాలుగైదు రోజులు తేరనిస్తారు. అప్పటిదాకా ఇళ్ళల్లో పట్టి ఉంచుకున్న పాత నీళ్ళే. మొదటి బిందె శ్రీరామనవమి పానకానికి తోడాలి. ఆ నాలుగు రోజులూ ఎలా గడిపానో నాకే తెలుసు. ఆకాశం తెల్లగా సున్నం కొట్టినట్టు ఉండేది. ఉక్కకి ఫ్యాను కింద కూచున్నా చెమట ధార కట్టేది. అత్తయ్య గోలెంలో పాత నీళ్ళు అడుక్కి వచ్చాయి. గోడ మీంచి తొంగిచూసి, "ఎప్పుడు తోడుకోవచ్చు అమ్మాయ్? మీ ఆయన చెయ్యి చల్లనిది, ఈ ఏడూ గట్టెక్కించాడు" అంది.

"నవమికి అత్తయ్యా" అన్నాను. ఉప్పు తినకూడని మనిషికి, మొహం చూస్తూ ఆ మాట చెప్పాను.

నవమి రోజు పందిరి కింద ఊరంతా చేరింది. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చారు. ఆచారం ప్రకారం మొదటి దోసిలి మా ఆయన నోట్లో పోసుకుని, "తియ్యగా ఉన్నాయి" అన్నాడు. నా వైపు చూడలేదు. పానకం కలిపేది మా వరసకి బావ ఒకాయన. ఏటా ఆయనే. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి కలిపి, కల్యాణం అయ్యాక గ్లాసుల్లో పోసి పంచాడు. ముందు తాగింది అత్తయ్యే. గుక్క మింగలేక పక్కకి తిరిగి ఊసేసింది.

"ఏం నాయనా, బెల్లం అనుకుని ఉప్పు కుమ్మరించావా?" అంది.

ఒకరి తరవాత ఒకరు తాగి మొహాలు వికారంగా పెట్టారు. బావ బిత్తరపోయాడు. చాలామంది నవ్వారు, తరవాత కోపాలొచ్చాయి. రాముడి పానకం అపవిత్రం చేశావని ఒకడు, తాగొచ్చి కలిపావని ఇంకొకడు. బావ తన పిల్లల మీద ఒట్టేశాడు. ఎవడో చొక్కా పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆయన తల దించుకుని పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. నోరు విప్పుతాడేమోనని చూశాను. విప్పలేదు.

"ఆయన్ని వదలండి" అని అరిచాను. "నీళ్ళే ఉప్పు. చెరువంతా ఉప్పు. మా ఆయనకి జ్వరం వచ్చిన కాణ్ణించీ నాలుకకి రుచి లేదు. ఉగాది నాటి నుంచీ నాకు తెలుసు."

ఒక్కసారిగా మైకు సౌండు తప్ప ఇంకేం వినపడలేదు. ఎవరో వెళ్ళి అది కూడా ఆపేశారు. నన్ను తిడతారనుకున్నాను. తిడితే బావుండేది. అత్తయ్య నా దగ్గరికి వచ్చి, వేళ్ళ మీద పాడ్యమి, విదియ, తదియ, చవితి అని లెక్కపెట్టింది.

"ఉగాది నాడే చెబితే కాలువ ఇంకా మూడు రోజులుంది కదే అమ్మాయ్" అంది. అంతే. ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ట్యాంకరు. ఒకరోజు వస్తే రెండు రోజులు రాదు. ఎండలో బిందెల వరస వీధి మలుపు దాటేది. చెరువు పని ఇంకొకరికి ఇచ్చారు. మా ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు. "మన బిందె ఆ వరసలో పెట్టొద్దు" అన్నాడు నాతో. "మన ఇంట్లో చెరువు నీళ్ళే తాగుదాం, వాటితోనే వండు." సరేనన్నాను. తరవాత తెలిసింది ఆ శిక్ష ఎవరికో. ఆయనకేం, రుచి లేదు. ఏది పోసినా తాగేస్తాడు. ఆ నీళ్ళతో పప్పు ఎంతసేపటికీ ఉడికేది కాదు, పొయ్యి మీద పాలు విరిగేవి, అన్నం పచ్చబడేది. ప్రతి గుక్కా నేను ముక్కు మూసుకుని మింగాను. ఎంత తాగినా దాహం తీరేది కాదు. అయినా ఒక్క రోజు కూడా ఆయన మీద అరవలేదు. అరిచే హక్కు నాకెక్కడిది? బీపీ ఉన్న అత్తయ్య గంటలకొద్దీ ఎండలో నిలబడి, రెండు బిందెలు మోసుకుని మా గుమ్మం ముందునుంచే వెళ్ళేది. నేను అందుకోబోతే చెయ్యి పక్కకి తీసుకునేది.

చైత్ర పున్నమి నాటికి వేడి గాడ్పులు మొదలయ్యాయి. మంచులో మొదలైన నెల నిప్పుల్లో తేలింది. మధ్యాహ్నం తలుపులన్నీ మూసి, ఆయనకి కంచం పెట్టాను. పలుకుగా ఉన్న పప్పు, వంకాయ కూర. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆగాడు. ఇంకో ముద్ద కలిపాడు, నెమ్మదిగా నమిలాడు. తలెత్తి నా వైపు చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. మొహంలో నెల రోజులుగా లేని వెలుగు కనపడింది.

"కూరలో ఉప్పెక్కువైంది" అన్నాడు.

ఇరవై రెండేళ్ళు నేను అసహ్యించుకున్న మాట అది. ఆ మాట మళ్ళీ వినాలని ఆ నెలలో ఎన్ని మొక్కులు మొక్కానో దేవుడికే తెలుసు. ఏడుపొచ్చింది. కానీ అబద్ధం చెప్పలేకపోయాను. ఒకసారి నోరు మూసుకుని చూశాను కదా.

"నేను ఉప్పు వెయ్యలేదండీ" అన్నాను. "దేంట్లోనూ వెయ్యలేదు."

ఆయన కంచంలో చూశాడు. తరవాత పక్కనున్న గ్లాసు తీసుకున్నాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని, తూము దగ్గర చేసినట్టే కళ్ళు మూసుకుని, చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. ఉమ్మేస్తాడనుకుని గిన్నె జరిపాను. ఉమ్మలేదు. మింగాడు. గ్లాసు మళ్ళీ నింపమని నా వైపు చాపాడు.